మూడు కబుర్లు పంపిన మనిషి

ఆ పని మొదలైంది 2014 జూన్ రెండో తేదీ, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు. కొత్త రాష్ట్రానికి అది మొదటి రోజు. మహబూబ్‌నగర్‌లో నేనూ, మా ఇంగ్లీషు మాస్టారూ పనిచేసి రిటైరయిన బడిలో జెండా ఎగరేసి లడ్డూలు పంచారు. అందరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్తున్నారు. ఆయన లడ్డూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, సంచిలోంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు.

“లెక్కల మేడం, రాష్ట్రమొచ్చింది. ఇగ మన గొర్లోళ్ళకు వాళ్ళ పని గురించి ఒక్క మంచి పుస్తకం గావాలె. గిది నేను తెలుగుల జేస్త. తప్పులు మీరు దిద్దాలె,” అన్నాడు.

నేను గడియారం చూసుకున్నాను. ఎవరైనా పని ఒప్పజెప్పినప్పుడు టైము చూసుకోవడం నా అలవాటు. అందుకే ఆ పది నలభై ఇంకా గుర్తుంది.

పోయిన నెల ఆ పుస్తకమే తెలుగులో, ఒక పెద్ద కంపెనీ పేరుతో, హైదరాబాదులో విడుదలయింది. అనువాదం ఆయనది కాదు. సభలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఫోన్ చేసిన అమ్మాయి చాలా మర్యాదగా, “ఈ పుస్తకాన్ని ముందుగా ప్రేమించిన మాస్టారిని కూడా స్మరించుకుంటాం మేడం. మీకు రెండు నిమిషాలు ఇస్తాం,” అంది. నేను వెళ్ళలేదు. నేను చెప్పాల్సింది రెండు నిమిషాల్లో అయ్యేది కాదు, ఆ వేదిక మీద చెప్పేదీ కాదు. ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. బతికున్నంత కాలం అట్ట మీదికి రానివ్వని పేరును, పోయాక సంస్మరణ సభలో మైకు ముందు పలకడం ఎంత సులువో చూశాను. ఆ సులువు పనిలో నేను చేరను.

ఆయన ఇంగ్లీషు చెప్పేవాడు, నేను లెక్కలు. ఆయన సైకిలు ఎవరో ఎత్తుకుపోయి ఏళ్ళు గడిచినా, కుడికాలి ప్యాంటుకు పెట్టుకునే ఇనప క్లిప్పు తీయలేదు. బస్సు ఎక్కినా, పెళ్ళికి వెళ్ళినా ఆ క్లిప్పు ఉండాల్సిందే. ఎందుకని అడిగితే, “సైకిల్ దొరికినంక మల్ల ఎతుకులాడాలె గదా,” అనేవాడు. టీ ఎప్పుడూ సాసర్లో పోసుకుని సగం తాగేవాడు. కప్పులో మిగిలిన సగం ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళ ముందుకు జరిపేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. తెలియనివాళ్ళు పిసినారి అనుకునేవారు. ఒక కప్పు ఒక్కడే తాగితే మాట్లాడడానికి మనిషి ఎందుకు అని ఆయన వాదన. మొండివాడు. ఒక వాక్యం కోసం నాతో పది రోజులు మాట్లాడకుండా ఉన్న సందర్భాలున్నాయి. నా దిద్దుబాటు సరైనదని తేలినప్పుడు ఒప్పుకునేవాడు కాదు, టీ సగం బదులు కప్పంతా జరిపేవాడు. అదే ఒప్పుకోవడం.

పుస్తకం ఒక ఆడమనిషి తన బతుకు గురించి రాసుకున్నది. ఎక్కడో చలిదేశంలో, కొండల మీద, భర్త పోయాక ఒక్కతే గొర్రెలు మేపుకుంది. ఏ గొర్రె ఎప్పుడు ఈనింది, ఏ మంచుకు ఎన్ని పోయాయి, పోయినవాటిని ఎక్కడ పూడ్చింది, అంతే. ఆత్మ గురించీ సమాజం గురించీ ఒక్క మాట లేదు. అందుకే నాకు నచ్చింది. ఆయన ఆ రచయిత్రిని “మా అక్క” అనేవాడు. అక్క ఇట్లన్నది, అక్కకు కోపమొచ్చింది, అని ఇంట్లో మనిషిని గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఆయన సొంత ఊరు మక్తల్ దగ్గర. ప్రతి ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి అక్కడికి వెళ్ళేవాడు. చిన్నప్పటి జతగాడు మల్లయ్య, అతని భార్య బీరమ్మ, వాళ్ళ మంద. పొద్దున గొర్రెపిల్లలు పాలు తాగి మంద మేతకు కదిలేలోపు, దొడ్డి పక్కన బండ మీద కూర్చుని ఆ వారం తెలుగు చేసిన పేజీలు చదివి వినిపించేవాడు. చుట్టుపక్కల దొడ్ల వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. ఒక్కో వాక్యం చదివి కళ్ళు మూసుకుని ఆగేవాడు. తరువాత ఒక కన్ను తెరిచి మల్లయ్యను చూసేవాడు. మల్లయ్య నోట్లో తంబాకు నములుతూ ఆయన దిక్కే చూస్తుంటే వాక్యం బతికినట్టు. గొర్రెల దిక్కు చూశాడంటే కొట్టేసినట్టు. మల్లయ్య బాగుందనీ బాగాలేదనీ ఎన్నడూ చెప్పలేదు. నేను ముత్యాల్లాంటివని మెచ్చిన వాక్యాలు ఎన్నో ఆ గొర్రెల వంక చూపుతో పోయాయి. నాకు కోపం వచ్చేది. “మీ కోసం గాదు మేడం పుస్తకం,” అనేవాడు.

ఒక ఆదివారం నేనూ వెళ్ళాను. ఆ రోజు చదివిన భాగంలో రచయిత్రి, తల్లిలేని గొర్రెపిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేస్తుంది. ఆ గొర్రెకు పుట్టి చచ్చిన పిల్ల తోలు తీసి, తల్లిలేనిదాని ఒంటికి కడుతుంది.

“సచ్చిన పిల్ల తోలు దీసి దీనికి గడతదా?” అంది బీరమ్మ.

“కడతది. వాసన జూసి తన పిల్లే అనుకొని పాలిస్తది.”

“మేమైతే ఉప్పునీళ్ళు సల్లుతం. తల్లి నాకుతది. నాకినంక ఇగ ఇడువది. గామె తాన ఉప్పు లేదా ఏంది?”

“ఉంటది బీరమ్మా. వాళ్ళ రివాజు గది.”

బీరమ్మ పక్కనున్న గొర్రెపిల్ల వీపు నిమిరింది. “తోలు దియ్యనీకె శెయ్యెట్లొచ్చిందో గని, ఆమెకు పని మాత్రం ఎర్కనే,” అంది.

వెనక్కి బస్సులో ఆయన జడ్చర్ల వెళ్ళే దాకా కూడా నోరు మూయలేదు. మేం దిగాల్సిన చోటు దాటిపోయాం. తన అక్కకు బీరమ్మ నుంచి సర్టిఫికెట్ వచ్చిందని ఆయన సంబరం.

అనుమతి సంగతి ఆయన మొదటి రోజు నుంచే మర్చిపోలేదు. మొదటి అధ్యాయం పూర్తికాక ముందే రచయిత్రికి ఉత్తరం రాశాడు. ఆమె జవాబిచ్చింది. నా పుస్తకం గొర్రెలు కాసేవాళ్ళు వింటున్నారంటే నాకు అంతకంటే ఏం కావాలి, కానీ హక్కులు కంపెనీకి రాసిచ్చాను, వాళ్ళను అడగండి అని. ఆ కంపెనీ ఆమె దేశంలో లేదు, మరో దేశంలో ఉంది. దాన్ని కొన్న పెద్ద కంపెనీ ఇంకో దేశంలో. ఆయన అడిగాడు. 2014లో ఒకసారి, 2015లో ఒకసారి, 2016లో ఒకసారి. ఉత్తరమూ పంపాడు, ఈమెయిలూ పంపాడు. తెలుగులో ఎంతమంది చదువుతారు, మా జిల్లాలో ఎన్ని మందలున్నాయి, మీరు అడిగే రాయల్టీ చెప్పండి, అచ్చు వేయడానికి చందాలు పోగుచేసుకుంటాం అని రాశాడు. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. నేను చూశాను. మూడింటికీ జవాబు రాలేదు.

పుస్తకం ఎప్పుడొస్తుందని మల్లయ్య అడిగినప్పుడు ఆయన ఈ సంగతి చెప్పాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“పుస్తకానికి గూడ చెవికోత ఉంటదా సారూ?” అన్నాడు మల్లయ్య.

గొర్రె ఎవరిదో తెలియడానికి చెవి అంచున కోసే గుర్తు అది. ఒక్కో ఇంటికి ఒక్కో కోత.

“ఉంటది మల్లన్నా. రెండో పేజీల, శిన్న అక్షరాలతోని.”

“ఎవలి కోత?”

“రాసింది అక్క. కోత కంపెనీది. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొన్నది.”

మల్లయ్య తంబాకు ఉమ్మాడు. “కాసింది ఒకలు, కోత ఒకలిది, ఆ కోసినోని చెవి ఇంకొకలు కోసిన్రు. నీదేముంది ఇండ్ల?”

“నేను తెలుగుల జేసిన.”

“నీ మందల ఈనిందన్నట్టు,” అంది బీరమ్మ.

ఇక్కడ వాళ్ళ కట్టుబాటు ఒకటి చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. ఎండాకాలం వలస వెళ్ళినప్పుడు దారిలో మందలు కలుస్తాయి. వేరేవాళ్ళ కోత ఉన్న గొర్రె నీ మందలో చేరితే నువ్వు దాన్ని నీ గొర్రెలాగే మేపాలి. అమ్మకూడదు, కోయకూడదు, దాని చెవి మీద నీ కోత వేయకూడదు. దాని యజమానికి కబురు పంపాలి. ఒకటి కాదు, మూడు. మూడు కబుర్లకూ అతను రాకపోతే గొర్రె అప్పటికీ అతనిదే. ఎప్పుడొచ్చినా ఇచ్చెయ్యాలి. కానీ నీ మందలో అది ఈనిన పిల్ల నీ మందది. దాని మీద అతనికి మాట లేదు. ఈ లెక్కలో తగాదా వచ్చిన సంగతి వాళ్ళెవరికీ తెలియదు.

“మూడు కబుర్లు పంపినవ్. వాళ్ళు రాలె,” అంది బీరమ్మ. “గొర్రె ఆమెది. పిల్ల మనది.”

ఆయన క్లిప్పు ఉన్న కాలు బండకేసి కొడుతూ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. “చట్టం గట్ల అనాలె బీరమ్మా. అనది,” అన్నాడు.

తరువాత ఆయనకు తెలిసిందేమిటంటే, చట్టం కొంచెం అలాగే అంటుంది. ఒక పుస్తకం మొదట అచ్చయి ఏడేళ్ళు గడిచినా ఒక భాషలోకి రాకపోతే, హక్కుదారును అడిగినా ఒప్పుకోకపోతే లేక దొరకకపోతే, ఆ భాషలో వేసుకోవడానికి లైసెన్సు ఇమ్మని ఇక్కడే అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్ళు నిర్ణయించిన రాయల్టీ కట్టాలి. పుస్తకం అచ్చయింది 2011లో. అంటే 2018 దాకా ఆగితే చాలు. ఆ రోజు మా ఇంటికి వచ్చి, టీ కప్పంతా నా దిక్కు జరిపి, “ఈ చట్టం రాసినోడు గొర్లోడే మేడం,” అన్నాడు.

ఆగాడు. అది కదా నా కోపం. ఆగనివాళ్ళు మా ఊళ్ళో ఎందరో ఉన్నారు. అచ్చాఫీసు నడిపే ఆయన స్నేహితుడొకడు, కథలు కూడా రాస్తాడు, ఆయనను హోటల్లో కూర్చోబెట్టి బోధ చేశాడు. “పేర్లు మార్చి ఎయ్యి సార్. ఆమెను మన పాలమూరు ఆమెను జెయ్యి. మంచుకు బదులు వాన వెట్టు. ఎవడు సూస్తడు? నేను గట్లనే రెండేసిన.”

ఆయన సాసర్లో టీ అలాగే వదిలి లేచాడు. ఆయన టీ వదలడం నేను చూసింది ఆ ఒక్కసారే. “ఒకల గొర్రె చెవి మీద నా కోత ఎయ్యమంటున్నవా? మా ఊర్ల గట్ల జేసినోన్ని మందల్ల రానియ్యరు,” అన్నాడు. ఆ స్నేహితుడి రెండు పుస్తకాలూ ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఒకదానికి సన్మానం కూడా జరిగింది.

జాతీయ పుస్తక విధానం ఒకటి తేవాలనీ, దాని మీద రచయితల అభిప్రాయాలు వింటామనీ హైదరాబాదులో ఒక సమావేశం పెడితే ఇద్దరం వెళ్ళాం. పంచిన కాగితాల్లో మన పుస్తకాలను బయటి దేశాలకు ఎలా పంపాలో పేజీలకు పేజీలు ఉంది. బయటి పుస్తకం మన భాషలోకి రావడం గురించి ఒక్క పేరా. అందులో “ప్రోత్సహించవలెను” అని ఉంది. ఎవరు, ఎవరిని, ఎప్పటిలోగా అనేది లేదు. నేను ఎర్రసిరాతో ఆ మూడు ప్రశ్నలూ అంచున రాసి పెట్టుకున్నాను. అనువాదం వంతెన, అనువాదం కిటికీ, అనువాదం దీపం అని వేదిక మీద నలుగురు చెప్పాక ఆయన లేచాడు.

“సార్, బయటి కంపెనీకి మూడుసార్లు రాసిన. జవాబు లేదు. మా తరఫున అడగనీకె సర్కారుల ఎవలన్న ఉన్నరా?”

“మీ ప్రచురణ సంస్థ పేరేమిటండీ?” అన్నాడు అధ్యక్షుడు.

“సంస్థ లేదు సార్. మంద ఉంది.”

హాలంతా నవ్వింది. అధ్యక్షుడు కూడా నవ్వి, చమత్కారంగా మాట్లాడారని మెచ్చుకుని, రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. ఇచ్చాం. ఎవరూ తిరిగి పలకలేదు. ఆ నవ్వులో చేరినవాళ్ళలో నలుగురిని పోయిన నెల విడుదల సభ ఫొటోలో ముందు వరుసలో చూశాను.

2017 ఎండాకాలానికి ముందు మల్లయ్య, బీరమ్మ వలస వెళ్ళారు. నల్లగొండ దిక్కు, వరి కోసిన మళ్ళలో మంద పెట్టుకోవడానికి. అప్పటికి ఆయన పుస్తకమంతా తెలుగు చేశాడు కానీ చివరి ఆరు అధ్యాయాలు ఇంకా చదివి వినిపించలేదు. వాళ్ళు ఫోన్ చేసి అడిగారు. ఆయన మొదటి నుంచి చదివి, ఒక్కో అధ్యాయం ఫోన్లో రికార్డు చేసి పంపాడు. ప్రతిదాని మొదట్లో పుస్తకం పేరు, రచయిత్రి పేరు, “హక్కులు ఫలానా కంపెనీవి” అనే మాట. చెవికోత చూపించకుండా ఆయన ఒక్క అధ్యాయం కూడా పంపలేదు.

పక్క మందల వాళ్ళు బీరమ్మను అడిగారు. కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న చుట్టాలు అడిగారు. అందరికీ పంపడం ఆమెకు పని అయిపోయింది. మిర్యాలగూడలో రీచార్జి దుకాణం నడిపే ఒకతను, యూట్యూబులో వేస్తే అందరూ వింటారని, తానే వేసిపెట్టాడు. బీరమ్మ ఆయనను అడగలేదు. అడగాలని ఆమెకు తోచదు. మూడు కబుర్లు వెళ్ళాయి, యజమాని రాలేదు, పిల్ల మందది. మందలో ఉన్నది నలుగురికీ చూపిస్తే తప్పేముంది? పైగా గొర్రె ఎవరిదో దాచకూడదు కదా. అందుకని పుస్తకం పేరూ, రచయిత్రి పేరూ, కంపెనీ పేరూ ఇంగ్లీషులో కొట్టించింది. బొమ్మ తన పొట్టేలుది పెట్టింది.

ఆ పేర్లు రాయకపోతే ఎవరికీ దొరికేది కాదు. దొంగ అయితే రాయడు.

మూడేళ్ళుగా మాట లేని కంపెనీ నుంచి వారం తిరగకుండా జవాబు వచ్చింది. రికార్డింగులన్నీ తీసేశారు. ఆయనకు ఒక వకీలు నోటీసు. ఆయన అడ్రసు వాళ్ళకు ఎలా తెలిసింది? ఆయన పంపిన ఉత్తరాల్లో ఉంది. నోటీసులో తేదీలతో సహా రాశారు: ఫలానా రోజుల్లో మీరు అనుమతి కోరారు, కాబట్టి అనుమతి లేదని మీకు ముందే తెలుసు, కాబట్టి ఇది తెలిసి చేసిన తప్పు. ఆ తేదీలు నేను సరిచూశాను. మూడూ సరిగ్గా ఉన్నాయి. అంటే మూడు ఉత్తరాలూ చేరాయి. ఎవరో విప్పారు. ఎవరో చదివారు. జవాబు ఇవ్వకుండా జాగ్రత్తగా దాచిపెట్టుకున్నారు, ఆయన మీద వాడడానికి. నా డెబ్బై అయిదేళ్ళ బతుకులో ఇంతకంటే నీచమైన కాగితం చదవలేదు. అడగకుండా అచ్చేసిన స్నేహితుడికి ఏ నోటీసూ రాలేదు. అడిగినవాడికి వచ్చింది.

బీరమ్మ విషయం తెలిసి ఏడుస్తూ ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి ఉంది కనుక నేనూ విన్నాను.

“నా వల్లనేనా సారూ? నిన్ను జేల్ల ఏస్తరా?”

“ఏయరు. నువ్వు తప్పు జెయ్యలె బీరమ్మా. మన కట్టు వాళ్ళకు ఎర్కలేదు గంతే.”

“మరి మూడు కబుర్లు అందినయంట గదా వాళ్ళకు?”

“అందినయి.”

“అందినంక గూడ రాలేదా?” అంది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తరువాత ఆమె అంది: “మరి వాళ్ళేం మనుషులు సారూ.”

2018 వచ్చింది. ఏడేళ్ళు నిండాయి. ఆయన అర్జీ టైపు చేయించుకుని హైదరాబాదు వకీలు దగ్గరికి వెళ్ళాడు. అర్జీ తీసుకోవాల్సిన బోర్డును వేరే ట్రిబ్యునల్లో కలిపేశారని, అక్కడ విచారించే మనిషి ఇంకా కుర్చీలోకి రాలేదని వకీలు చెప్పాడు. ఆగమన్నాడు. ఆగాడు. తరువాత కరోనా. తరువాత ఆ ట్రిబ్యునల్‌నే తీసేశారు, ఇక హైకోర్టుకే వెళ్ళాలన్నారు. ప్రతిసారీ బస్సు దిగి మా ఇంటికి వచ్చి, జరిగింది చెప్పి, సాసర్లో సగం తాగి, క్లిప్పు సరిచేసుకుని వెళ్ళేవాడు. నేను తిట్టేదాన్ని. ఆయన తిట్టేవాడు కాదు. అది కూడా నాకు కోపమే.

2020లో రచయిత్రి పోయింది. ఆ కబురు ఆయనకు ఇంటర్నెట్‌లో తెలిసింది. మా ఇంటికొచ్చి, ఎదుట ఖాళీ కుర్చీ ముందు కప్పు పెట్టి, తను సాసరు పట్టుకుని కూర్చున్నాడు. తాగలేదు. మరుసటి ఏడు మల్లయ్య పోయాడు. దవాఖానలో మంచం దొరకలేదు. ఆయన ఆదివారం బస్సు ఎక్కడం మానేశాడు. చూపు లేదు కదా, ఎవరికి చదవాలి అన్నాడు. మల్లయ్య చూపు అని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

హైకోర్టులో వేయడానికి చివరికి ఒక వకీలు ఒప్పుకున్నాడు. కాగితాలన్నీ నేనే వరుసగా పేర్చి దారం కట్టాను. 2022 సెప్టెంబరులో ఆ వకీలే ఫోన్ చేశాడు. విదేశీ కంపెనీ తెలుగు హక్కులను ఒక పెద్ద ప్రచురణ కంపెనీకి ఇచ్చేసిందట. తెలుగులో వాళ్ళే తెస్తారట. ఇక ఈ అర్జీకి అర్థం లేదన్నాడు. పదకొండేళ్ళు ఎవరికీ అక్కరలేని తెలుగు వాళ్ళకు ఎందుకు గుర్తొచ్చిందో నేను నిరూపించలేను. యూట్యూబులో ఎంతమంది విన్నారో మాకంటే ముందు వాళ్ళే చూశారని మాత్రం నాకు తెలుసు.

మంద సంగతులు తెలిసిన అనువాదం సిద్ధంగా ఉందని ఆయన ఆ కొత్త కంపెనీకి రాశాడు. నాలుగో కబురు. మా అనువాదకుల జాబితాలో మీరు లేరు అని జవాబిచ్చారు. జవాబు రావడమే మేలన్నాడు.

నవంబరులో మంచం పట్టాడు. నేను వెళ్ళేసరికి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లుంగీలో ఉన్నాడు. కాలికి క్లిప్పు లేకుండా ఆయనను చూడడం అదే మొదలు.

“మేడం, ఒక లెక్క జేయుండ్రి. అక్క రెండువేల ఇరవైల పోయింది. మర్సటేడు నుంచి అరవై ఏండ్లు హక్కులుంటయి. ఎప్పుడు ఖాళీ అయితది పుస్తకం?”

“2081 జనవరి ఒకటి.”

“ఏ వారం?”

నేను వేళ్ళ మీద లెక్కేశాను. “బుధవారం.”

“బుధవారం నాకేం పని లేదు. మీకు?”

“నాకు నూట ముప్పై ఒకటి ఉంటాయి.”

“అయితే తీరుబాటుగనే ఉంటరు,” అన్నాడు. పక్కనున్న టీ సాసర్లో పోసుకోవడానికి చెయ్యి లేవలేదు. నేను పోశాను. సగం ఆయనకు పట్టి, మిగిలిన సగం ఆయన చూస్తుండగా తాగాను. తొమ్మిది రోజులకు పోయాడు.

పోయిన నెల నేను ఆ కొత్త పుస్తకం కొన్నాను. వెల బీరమ్మ రెండు రోజుల కూలి కంటే ఎక్కువ. ఆదివారం పొద్దున మక్తల్ బస్సెక్కాను. బీరమ్మకు ఇప్పుడు పదిహేను గొర్రెలే మిగిలాయి. ఆ బండ మీదే కూర్చుని, గొర్రెలు ఈనే అధ్యాయం తీసి చదివాను. “గర్భిణీ గొర్రెల ప్రసవ సమయం సమీపించడంతో ఆమె తీవ్రమైన ఆందోళనకు లోనైంది.” ఆయన చేసినట్టే ఆగి, తల ఎత్తి చూశాను.

బీరమ్మ గొర్రెల దిక్కు చూస్తోంది.

“గిది గా కతేనా టీచరమ్మా?”

“అదే.”

“సారుదేది?”

“అది అచ్చు వెయ్యనివ్వరు.”

బీరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తరువాత, బస్సు కోసం ఎదురుచూస్తూ ఏదో చెప్పుకున్నట్టుగా, ఆయన గొంతులోని ఆ ఆగడంతో సహా చెప్పింది.

“గాలి మళ్ళింది. ఇయ్యాల ఈనుతమని గొర్లకు ముందుగల్లనే ఎర్క. నాకు ఎనకకెళ్ళి ఎర్కయింది. సూడి గొర్లను మందలకెళ్ళి ఏరు జేసి, ఒక్కొక్కదాని పొట్ట మీద శెయ్యేసి సూసిన.” ఆగింది. “ఇగ అవతలిది యాదికి లేదు. మొత్తం మా ఆయనకు ఎర్కుండె.”

లెక్క ఇది. అధ్యాయాలు ఇరవై రెండు. మల్లయ్య చూపుకు తట్టుకుని నిలిచిన పేజీలు మూడువందల పన్నెండు, నా బీరువాలో ఉన్నాయి. పంపిన కబుర్లు నాలుగు. పోయినవాళ్ళు ముగ్గురు: రాసినామె, తెలుగు చేసినాయన, విన్నవాడు. బీరమ్మకు యాదున్నవి నాలుగు వాక్యాలు. అచ్చయిన ప్రతులు సున్న.